గేటు దాటిన నీళ్లు

వైట్‌ఫీల్డ్‌లో పర్యావరణం మీద ప్రేమకు కొదవ లేదు. వెదురు బ్రష్షులు, గుడ్డ సంచులు, బాల్కనీలో కంపోస్టు కుండలు, పార్కింగులో ఎలక్ట్రిక్ కార్లకు చార్జింగ్ పాయింట్లు ఇప్పుడు ఇక్కడి అపార్ట్‌మెంట్లలో మామూలు విషయాలు. తడి చెత్తకో డబ్బా, శానిటరీ చెత్తకో డబ్బా, పొడి చెత్తకో సంచి అనే పద్ధతిని 2015 డిసెంబరులో కర్ణాటక హైకోర్టు బెంగళూరు అంతటికీ తప్పనిసరి చేసింది. అంతకుముందే ఈ ప్రాంతపు కాలనీల్లో అది అలవాటుగా మారుతోంది. మంచిదే. ఎవరూ కాదనరు. కానీ ఒక ఇల్లు ప్రకృతి మీద మోపే భారాన్ని మాటవరసకు కాక నిజంగానే తూకం వేసి చూస్తే లెక్క ఇంకోలా తేలుతుంది. నలుగురున్న కుటుంబం రోజుకు పారేసే చెత్త రెండు కిలోలు, మహా అయితే రెండున్నర. అదే కుటుంబం రోజుకు వాడే నీళ్లు, మన దేశంలో నగరాలకు పెట్టుకున్న ప్రమాణం ప్రకారం తలకు 135 లీటర్ల చొప్పున, 540 లీటర్లు. అంటే అర టన్నుకు పైనే. అందులో నూటికి ఎనభై పాళ్లు, అంటే 430 కిలోలకు పైగా, మురుగుగా బయటికి పోతాయి. రెండు కిలోల చెత్తను మూడు భాగాలుగా వేరుచేసే ఇల్లు ఆ 430 కిలోల గురించి ఒక్క ప్రశ్నా అడగదు. వైట్‌ఫీల్డ్ లాంటి చోట ఒక ఇల్లు ప్రకృతికి ఎంత బరువో తెలుసుకోవాలంటే ముందు చూడవలసింది ఆ ఇల్లు ఏం కొంటోందో కాదు, ఎన్ని నీళ్లు లోపలికి తెచ్చుకుని ఎలాంటి నీళ్లు బయటికి వదులుతోందో. ఆ సంగతి తేలేది కూడా ఫ్లాటు గడప దగ్గర కాదు, అపార్ట్‌మెంటు గేటు దగ్గర.

ముందు వచ్చే నీళ్ల సంగతి. బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 920 మీటర్ల ఎత్తున, పెద్ద నది ఏదీ పారని గట్టు మీద కూర్చున్న నగరం. కావేరి వంద కిలోమీటర్ల దూరంలో, దాదాపు అర కిలోమీటరు దిగువన ఉంది. ఒక కిలోలీటరు, అంటే వెయ్యి లీటర్ల నీటిని 500 మీటర్లు పైకెత్తడానికి భౌతికశాస్త్రం అడిగే కనీస శక్తి 1.36 యూనిట్ల కరెంటు. పంపుల్లో పోయేది, గొట్టాల రాపిడికి పోయేది కలుపుకుంటే రెండు యూనిట్ల దాకా వస్తుంది. అంటే బెంగళూరు కుళాయిలో పడే ప్రతి చుక్కా కరెంటు మెట్లెక్కి వచ్చినదే. కావేరి అందనివాళ్లకు దిక్కు బోరు. 1882లో మైసూరు మహారాజు యూరేషియన్లకు, ఆంగ్లో ఇండియన్లకు ఇచ్చిన భూమిలో చిన్న వ్యవసాయ పల్లెగా వెలిసిన వైట్‌ఫీల్డ్‌కు చాలాకాలం బావులూ చెరువులే సరిపోయాయి. 1990లలో ఐటీ పార్కు వచ్చింది. చుట్టుపక్కల గ్రామాలు 2007లో నగరపాలికలో కలిశాయి. ఇళ్లు మాత్రం పైపుల కోసం ఆగలేదు. అడుగున ఉన్నదేమో గట్టి నైస్ శిల. పైన శిథిలమైన మట్టిపొరలో కొద్దిగా నీరు, ఆ కింద రాతి పగుళ్లలో ఇంకొంచెం. వేసవిలో వెయ్యి అడుగులు దాటి దిగే బోర్లు పీల్చేది ఆ పగుళ్లలో ఏళ్ల తరబడి చేరిన నీటినే. అంత లోతు నుంచి తోడడానికి కూడా కిలోలీటరుకు ఇంచుమించు కావేరికి అయినంత కరెంటు అవుతుంది. ట్యాంకర్‌లో వస్తే దానిపైన డీజిలు.

2024 వేసవిలో ఈ లెక్క అందరికీ ఒక్కసారిగా కనబడింది. నగరంలో ప్రభుత్వ బోర్లు దాదాపు 13,900 ఉంటే వాటిలో 6,900 ఎండిపోయాయని ఉపముఖ్యమంత్రి డి.కె. శివకుమార్ చెప్పారు. తన ఇంటి బోరూ ఎండిందన్నారు. తాగే నీటితో కారు కడిగినా, మొక్కలకు పోసినా, నిర్మాణాలకు వాడినా అయిదు వేల రూపాయల జరిమానా అని జలమండలి ప్రకటించింది. ట్యాంకర్ల ధరలు అదుపు తప్పుతుంటే జిల్లా యంత్రాంగం అయిదు కిలోమీటర్ల లోపు 12,000 లీటర్ల ట్యాంకర్‌కు వెయ్యి రూపాయలు మించకూడదని గరిష్ఠ ధర కట్టింది. ఆ మార్చి నెలలో వైట్‌ఫీల్డ్ అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో నడిచిన చర్చంతా నీళ్లు ఎక్కడి నుంచి తేవాలన్నదే. వాడిన నీళ్లు ఎటు పోతున్నాయన్న ఊసు తక్కువ. వానలు పడ్డాక ఆ మొదటి ప్రశ్న కూడా సద్దుమణిగింది.

పోయే నీళ్ల చిరునామా వర్తూరు చెరువు. నగరం నడిమధ్య నుంచి కోరమంగల, చల్లఘట్ట లోయ వెంట వచ్చే మురుగంతా ముందు సుమారు 900 ఎకరాల బెళ్లందూరు చెరువులో, అక్కడి నుంచి అలుగు దాటి వర్తూరులో పడుతుంది. వైట్‌ఫీల్డ్ వైపు కాలువలు కూడా చాలావరకు వర్తూరు దారే పడతాయి. 2015లో బెళ్లందూరు నురగకు నిప్పంటుకుంది. 2017 ఫిబ్రవరిలో చెరువు మళ్లీ మండింది, జాతీయ హరిత ట్రిబ్యునల్ దాన్ని తనంతట తానే విచారణకు తీసుకుంది. 2018 జనవరిలో మంటలార్పడానికి సైనికులు దిగవలసి వచ్చింది. నీళ్లు మండాయని ప్రపంచమంతా వింతగా చెప్పుకుంది గానీ, శాస్త్రం దృష్టిలో అసలు కథ మంటది కాదు, నురగది. వర్తూరు చెరువు అలుగు దగ్గర మంచులాంటి తెల్లటి నురగ రోడ్డు మీదికి ఎగిరిపడి ద్విచక్ర వాహనాల వాళ్ల ముఖాలకు తగిలేది. వంతెన అంచున వలలు కట్టవలసి వచ్చింది.

ఆ నురగ ఎలా పుడుతుందో భారతీయ విజ్ఞాన సంస్థ శాస్త్రజ్ఞులు కొన్నేళ్లు పరిశీలించారు. బట్టల సబ్బుపొడి, గిన్నెల ద్రవం, షాంపూ అన్నింటి పనీ ఒకే రకం అణువు చేస్తుంది. దానికి ఒక కొస నీటిని కోరుతుంది, రెండో కొస నీటిని తప్పించుకుని జిడ్డును పట్టుకుంటుంది. నీటి ఉపరితలం మీద ఇవి వరుసగా నిలబడితే గాలి బుడగ పగలకుండా నిలుస్తుంది. ఇప్పటి డిటర్జెంట్లలో ఎక్కువగా వాడే ఈ రకం పదార్థం లీనియర్ ఆల్కైల్ బెంజీన్ సల్ఫోనేట్. దీన్ని బాక్టీరియా తినేయగలదు, కానీ ఒక షరతు మీద. నీటిలో ప్రాణవాయువు ఉండాలి. మురుగుతో నిండిన చెరువులో ప్రాణవాయువు ఉండదు. అడుగున పేరుకున్న బురదలో అసలే ఉండదు. అందువల్ల సబ్బు అణువులు కుళ్లకుండా బురదను అంటిపెట్టుకుని పోగవుతాయి. చెరువులోకి వచ్చేటప్పటి కన్నా బురదలో వాటి సాంద్రత ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఎండాకాలమంతా ఇలా సాగి, మొదటి పెద్ద వాన పడగానే వరద బురదను కలియబెడుతుంది. దాచిపెట్టిన సబ్బంతా ఒక్కసారి నీటిలోకి వస్తుంది. ఆ నీరు అలుగు మీది నుంచి కిందికి దూకేటప్పుడు గాలి కలుస్తుంది. మురుగులోని కొన్ని బాక్టీరియా, సన్నటి మట్టిరేణువులు బుడగల గోడలకు బలమిస్తాయి. వాన వెలిసిన ఉదయం కనబడే నురగ ఆ రాత్రిది కాదు, నెలల నాటిది.

దీని వెనుక మనకు పనికొచ్చే చరిత్ర ఒకటుంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత వచ్చిన తొలి డిటర్జెంట్లలో అణువు కొమ్మలు కొమ్మలుగా ఉండేది. బాక్టీరియా దాన్ని కొరకలేకపోయింది. యూరప్, అమెరికా నదులు నురగలు కక్కాయి. పశ్చిమ జర్మనీ 1961లో చట్టం చేసి, కుళ్లే గుణం లేని డిటర్జెంట్లను నిషేధించింది. 1960ల మధ్యకల్లా పరిశ్రమ కొమ్మలు లేని, నిటారు గొలుసు అణువుకు మారింది. నదులు తేరుకున్నాయి. అదే నిటారు అణువు ఇవాళ బెంగళూరులో నురగ పెడుతోందంటే, సరుకు మారింది గానీ దాన్ని తినే బాక్టీరియాకు ఊపిరి దొరకడం లేదన్నమాట. అందుకే డబ్బా మీద 'బయోడీగ్రేడబుల్' అని చూసి కొనుక్కుని నిశ్చింతగా ఉండడానికి లేదు. కుళ్లగలిగిన పదార్థం కుళ్లే చోటికి చేరాలి. సహజమైనది గనక కుంకుడుకాయ వాడదామంటే, అదీ నురగ పెట్టేదే. అందులోని సపోనిన్లు చేపలకు మంచివి కావు. శుద్ధి అయిన నీటిలో రెండూ నిలవవు. శుద్ధి కాని నీటిలో రెండిటికీ పెద్ద తేడా లేదు.

నురగ వర్తూరుతో ఆగదు. ఆ నీరు దక్షిణ పినాకినిలో కలిసి తమిళనాడులోకి వెళుతుంది. హోసూరు దగ్గర కెలవరపల్లి జలాశయంలో వానాకాలంలో గేట్లెత్తినప్పుడు నురగ కొండలు లేచాయన్న వార్తలు చాలాసార్లు వచ్చాయి. ఆ జలాశయం కింద హోసూరు, కృష్ణగిరి పల్లెల్లో ఇంట్లో తెలుగు మాట్లాడే రైతులు తక్కువేం కాదు. వాళ్లు పండించే కూరలూ పూలూ మళ్లీ బెంగళూరు మార్కెట్లకే వస్తాయి. వర్తూరు నీటితో పండిన కూరగాయల్లో భారలోహాలను శాస్త్రజ్ఞులు గుర్తించారు కూడా. ఇంకోవైపు కోలారు. అక్కడి ఎండిన చెరువులు నింపడానికి కోరమంగల, చల్లఘట్ట లోయ మురుగును శుద్ధిచేసి రోజుకు 44 కోట్ల లీటర్లు పంపాలన్న పథకం 2018లో మొదలైంది. నీళ్లు లక్ష్మీసాగర చెరువుకు చేరిన కొన్నాళ్లకే అక్కడా నురగ తేలింది. వ్యవహారం హైకోర్టుకు, ఆపై సుప్రీంకోర్టుకు పోయింది. ఇప్పుడు ఆ నీరు పారుతోంది. చుట్టుపక్కల బావుల్లో నీటిమట్టం పెరిగిందన్న సంతోషమూ ఉంది, రెండో దశ శుద్ధితో సరిపెట్టిన నీరు భూమిలో ఇంకితే రేపేమవుతుందోనన్న భయమూ ఉంది. రెండూ న్యాయమైనవే. మూడో దశ శుద్ధి చేసి ఇవ్వండని అడుగుతున్న కోలారు రైతు మాట వినడం కన్నా, మా మురుగు కరువు సీమకు వరమైందని చెప్పుకోవడం నగరానికి సులువు.

మరి వైట్‌ఫీల్డ్‌లో మురుగును శుద్ధి చేయవలసిందెవరు? భూగర్భ డ్రైనేజీ ఆలస్యంగా వచ్చిన ప్రాంతం కాబట్టి, పెద్ద అపార్ట్‌మెంట్లు తమ మురుగును తామే శుద్ధి చేసుకోవాలని, శుద్ధి చేసిన నీటిని ఫ్లష్ ట్యాంకులకు పంపడానికి వేరే గొట్టాలు వేసుకోవాలని కాలుష్య నియంత్రణ మండలి నిబంధన పెట్టింది. ఇప్పుడు నగరంలో ఇలాంటి సొంత మురుగు శుద్ధి ప్లాంట్లు (ఎస్టీపీలు) వేలల్లో ఉన్నాయి. ప్రపంచంలో ఇంత పెద్ద ఎత్తున మురుగు శుద్ధిని సెల్లార్లకు పంచిపెట్టిన నగరాలు అరుదు. ఇక్కడ ఒక లెక్క వేసి చూద్దాం. అయిదు వందల ఫ్లాట్లు, ఇంటికి నలుగురు, రెండు వేలమంది. రోజుకు 2,70,000 లీటర్లు కావాలి. అంటే ఇరవై రెండున్నర ట్యాంకర్లు. బయటికి వచ్చే మురుగు 2,16,000 లీటర్లు. తలకు 135 లీటర్లలో 45 ఫ్లష్‌కే పోతాయని ప్రమాణాలు చెబుతాయి కాబట్టి ఫ్లష్ అవసరం 90,000 లీటర్లు. దీన్ని శుద్ధి చేసిన నీటితో తీర్చుకుంటే రోజుకు ఏడున్నర ట్యాంకర్లు ఆదా. మిగిలిన 1,26,000 లీటర్లలో రెండెకరాల తోటకు మండుటెండలో 32,000 దాకా పోయవచ్చు. ఇంకా 94,000 లీటర్లు మిగులుతాయి. వాన పడిన రోజు తోటకు నీళ్లక్కర్లేదు గనక 1,26,000 లీటర్లూ మిగులే. చుక్క కూడా కాలువలోకి పోకూడదంటుంది నిబంధన. అంకెలు అది కుదరదంటాయి. నిబంధనకూ అంకెలకూ మధ్య ఉన్న ఆ ఎనిమిది, పది ట్యాంకర్ల నీరు రాత్రిపూట రాజకాలువ అనే పెద్ద వాననీటి కాలువలోకి, అక్కడి నుంచి వర్తూరులోకి పోతుంది. కాబట్టి అది ఎలాంటి నీరన్నదే అసలు ప్రశ్న.

ఆ జవాబు సెల్లార్‌లో, లిఫ్టు ఆగే అంతస్తుకు ఇంకా కింద దొరుకుతుంది. పగలూ రాత్రీ ఒకే శ్రుతిలో మోగే బ్లోయర్లు, అడుగు నుంచి సన్నటి బుడగలు లేస్తున్న గాలి తొట్టి. అందులోని నీరు చిక్కటి గోధుమ రంగులో ఉండాలి. వాన పడ్డ మట్టి వాసన లాంటిది రావాలి. అది మురికి రంగు కాదు, లీటరుకు మూడు నాలుగు గ్రాముల చొప్పున తేలుతున్న బాక్టీరియా ముద్దల రంగు. ప్లాంటు ఎలా ఉందో చెప్పడానికి ప్రయోగశాల అక్కర్లేదు. ఆపరేటర్ ఒక లీటరు గాజు కొలజాడీలో ఆ నీరు పట్టి బల్ల మీద పెడతాడు, అరగంట కదపడు. మొదటి అయిదు నిమిషాల్లో గోధుమ రంగు మేఘం కిందికి జారుతూ, పైన పలచటి తేట కనిపిస్తుంది. అరగంటకు బురద 250 నుంచి 400 మిల్లీలీటర్ల గీతల మధ్య నిలిచి పైనున్న నీరు తేటగా ఉంటే బాక్టీరియా కడుపు నిండా తిని ఆరోగ్యంగా ఉన్నట్టు. బురద దిగకుండా దూదిలా తేలితే తీగల్లాంటి జాతులు పెరిగాయని అర్థం. నల్లబడి కుళ్లిన గుడ్ల వాసన వస్తే గాలి అందలేదని. తొట్టి మీద తెల్ల నురగ కడితే, అక్కడ సబ్బు ఎక్కువైందని, లేదా దాన్ని తినేంత బాక్టీరియా ఇంకా పెరగలేదని. వర్తూరులో జరగవలసి ఉండి జరగని పని ఈ తొట్టిలో ఒక రోజు లోపే అయిపోతుంది. కారణం ఆ బుడగలే. లీటరుకు రెండు మూడు వందల మిల్లీగ్రాముల ప్రాణవాయువును గుంజుకునే మురుగు, బాగా నడిచే ప్లాంటు నుంచి పది మిల్లీగ్రాముల లోపుకు దిగి బయటికి వస్తుంది.

బాగా నడిచే ప్లాంటు అన్నచోటే వస్తుంది పేచీ. ఎస్టీపీ కరెంటు ఖర్చులో సింహభాగం బ్లోయర్లది. మొత్తం మీద కిలోలీటరుకు ఒక యూనిట్ అటూ ఇటూ. మన లెక్కలోని అపార్ట్‌మెంటుకు రోజుకు రెండు వందల యూనిట్లు. మెయింటెనెన్సు పెరిగిందన్న గొడవ రాగానే కమిటీ కన్ను ముందు పడేది దీని మీదే. రాత్రి ఒక బ్లోయర్ ఆపితే ఎవరికీ తెలియదు. రోజూ రాత్రిళ్లు ఇలా గాలి అందకపోతే తొట్టిలోని బాక్టీరియా కుప్పకూలుతుంది. మళ్లీ పుంజుకోవడానికి వారాలు పడుతుంది. నాలుగు రోజులకు ఫ్లష్‌లో నీళ్లు పసుపు తిరిగి వాసన వేస్తాయి. అప్పుడు నివాసితులు చేసేది ఫ్లష్‌కు మంచినీళ్లు ఇవ్వమని పట్టుబట్టడం, కమోడ్‌లో ఇంకాస్త యాసిడ్ పోయడం. ఆ యాసిడ్, ఫినాయిలు, బ్లీచింగు, పైపులు విడిపించే పొడులు అన్నీ దిగేది అదే తొట్టిలోకి. వాడిన వంటనూనె, తడి వైప్స్ కూడా అక్కడికే. కరెంటు బిల్లు కొన్ని యూనిట్లు తగ్గిందనుకున్న చోట ఏడున్నర ట్యాంకర్ల బిల్లు పెరుగుతుంది. ఆ ట్యాంకర్ల 90,000 లీటర్లను పాతాళం నుంచి తోడడానికే నూట ఎనభై యూనిట్ల దాకా అయిందన్నది మాత్రం మన బిల్లులో కనబడదు. ఇంకో ఖర్చు ఏ బిల్లులోనూ కనబడదు. 2018 జనవరిలో బెంగళూరులో ఒక అపార్ట్‌మెంటు ఎస్టీపీలో దిగిన ముగ్గురు కార్మికులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. గాలి ఆడని తొట్టిలో హైడ్రోజన్ సల్ఫైడ్ పేరుకుంటుంది. నిర్వహణ చెడిన ప్లాంటు చెరువునే కాదు, మనిషినీ చంపుతుంది.

దీనికి తరచూ వినబడే అభ్యంతరం: బెళ్లందూరులో కలిసేది నగరం మురుగులో దాదాపు నలభై శాతం, దాన్ని అడ్డుకోవలసింది ప్రభుత్వం, ఒక అపార్ట్‌మెంటు బాగుపడితే ఏమవుతుంది, ఒక ఫ్లాటు ఫినాయిలు మానితే ఏమవుతుంది అని. మొదటి సగం నిజం. పెద్ద శుద్ధి కేంద్రాలు కట్టడం, కాలువలకు అడ్డంగా మురుగు పైపులు వేయడం జలమండలి పనే, ఆలస్యానికి బాధ్యత కూడా దానిదే. ఒక ఫ్లాటు లెక్కా నిజమే. ఒంటరి ఇల్లు ఎంత నిష్ఠగా ఉన్నా తొట్టిలో తేడా రాదు. కానీ ప్రభుత్వానికీ ఫ్లాటుకూ మధ్య ఒక మెట్టుంది. రెండు వేలమంది నీళ్లను ఒకే సంపులో తెచ్చి, ఒకే తొట్టిలో శుద్ధి చేసి, ఒకే కమిటీ చేత బిల్లు కట్టించే అసోసియేషన్ అది. మన దేశంలో రెండు వేలమంది ఉన్న పల్లెకు పంచాయతీ ఉంటుంది, ఎన్నికలుంటాయి, నీళ్ల ట్యాంకు మీద తగాదాలుంటాయి. అంతే జనాభా, దానికి మించిన ఆదాయం ఉన్న అపార్ట్‌మెంటులో సర్వసభ్య సమావేశానికి కోరం దొరకదు. సంవత్సరానికోసారి జరిగే ఆ సమావేశంలో క్లబ్‌హౌస్ రంగుల మీద గంట చర్చ, ఎస్టీపీ కాంట్రాక్టు మీద చేతులెత్తి ఆమోదం. చెరువు సంగతి తేలిపోయేది ఆ రెండో అంశంలోనే.

ఇంకో వాదన ఇప్పుడు గట్టిగా వినబడుతోంది. 2024 అక్టోబరులో కావేరి అయిదో దశ ప్రారంభమైంది. నగరంలో కలిసిన 110 గ్రామాలకు రోజుకు 77.5 కోట్ల లీటర్లు వస్తాయి, ఇక ఈ గోలంతా ఎందుకు అని. కావేరి నీళ్లు రావడం మంచిదే, బోర్లకు విశ్రాంతి. కానీ నీళ్లు వస్తే మురుగూ వస్తుంది. ఆ 77.5 కోట్ల లీటర్లలో ఎనభై పాళ్లు, అంటే 62 కోట్ల లీటర్లు, ఎటో ఒకవైపు పోవాలి. వాటికి సరిపడా శుద్ధి లేకపోతే దూరపు నదిని తెచ్చి దగ్గరి చెరువును ముంచినట్టే. కరెంటు లెక్కలో కూడా, కావేరి నుంచి కిలోలీటరు ఎక్కించడానికి రెండు యూనిట్లు, సెల్లార్‌లో మురుగును శుద్ధి చేసి ఫ్లష్‌కు పంపడానికి ఒకటి. దూరం నుంచి తెచ్చుకున్న దాన్ని ఒకసారి వాడి పారబోయడం కన్నా రెండోసారి వాడుకోవడం సగం ధరకే అవుతుంది.

వాన నీటి సంగతి చెప్పకపోతే ఈ లెక్క పూర్తి కాదు. బెంగళూరులో ఏడాదికి సుమారు 970 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది. మన అయిదు వందల ఫ్లాట్ల కప్పులన్నీ కలిపి పది వేల చదరపు మీటర్లనుకుంటే, పట్టుకోగలిగేది ఏడాదికి ఎనభై లక్షల లీటర్లు. వినడానికి పెద్దదే, వాడకం ముందు పెడితే నెల రోజులకే సరి. అంతస్తులు పెరిగేకొద్దీ తలకు దక్కే ఆకాశం తగ్గుతుంది. కాబట్టి వాన నీటితోనే గట్టెక్కుతామన్నది ఎత్తైన టవర్లకు కుదరని మాట. విడి ఇళ్లు, తక్కువ అంతస్తులున్న కాలనీలకు కుదురుతుంది. వర్తూరు రోడ్డు మీద సిద్దాపుర దగ్గరి టీ-జెడ్ హోమ్స్, సర్జాపుర రోడ్డులోని రెయిన్‌బో డ్రైవ్ కాలనీ ఇందుకు పేరు తెచ్చుకున్నవి. రెయిన్‌బో డ్రైవ్ వాళ్లు ఇంటింటా సొంత బోర్లు వద్దనుకున్నారు, వాడకం పెరిగేకొద్దీ పెరిగే ధర పెట్టుకున్నారు, ఇంకుడు బావులు తవ్వించారు. ఆ బావులు తవ్వే చేతులు చాలావరకు మణ్ణు వడ్డర్లవి. తరతరాలుగా బావులు తవ్వుతూ, ఇంట్లో తెలుగు యాస మాట్లాడుకునే ఈ వడ్డెర కుటుంబాలకు ఏ పొరలో ఇసుక తగులుతుందో, ఎక్కడ నీరు ఇంకుతుందో చూపు మీదే తెలుసు. నగరంలో పది లక్షల ఇంకుడు బావుల ఉద్యమం బయోమ్ సంస్థ మొదలుపెట్టాక వాళ్లకు మళ్లీ పని దొరికింది. ఇంకిన వాన లోతు బోరును వెంటనే నింపదు. పైపొర బావులను నింపుతుంది, అది చాలా చోట్ల సరిపోతుంది.

ఇంటిలోపల మార్చుకోవలసినవి నిజానికి కొన్నే. ఫ్లాటుకో నీటి మీటరు అన్నిటికన్నా ముఖ్యం. చదరపు అడుగుల లెక్కన మెయింటెనెన్సు కట్టేచోట కారుతున్న సిస్టర్న్‌ను బాగుచేయించే తొందర ఎవరికీ ఉండదు, లీటరుకు ధర కట్టేచోట ఆ వారంలోనే ప్లంబర్ వస్తాడు. నిమిషానికి పది, పన్నెండు లీటర్లు వదిలే కుళాయికి వంద రూపాయల ఏరేటర్ బిగిస్తే మూడు నాలుగు లీటర్లకు దిగుతుంది. ఆర్వో యంత్రం మీద మాత్రం కాస్త అతిగా కోపగిస్తారేమో అనిపిస్తుంది. లీటరు తాగునీటికి మూడు లీటర్లు వదిలేసినా, నలుగురికి రోజుకు పదిహేను లీటర్లు తీస్తే వృథా నలభై అయిదు లీటర్లు, అంటే ఇంటి వాడకంలో పన్నెండో వంతు. ఆ బకెట్లు గచ్చు కడగడానికి పనికొస్తాయి. ఇదంతా నీళ్లు కుళాయిలో వచ్చేవాళ్ల సంగతి. తూబరహళ్లి, మున్నేకొళాల రేకుల షెడ్లలో ఉంటూ ఈ ఫ్లాట్లలో గిన్నెలు తోమే కుటుంబాలు ఇరవై లీటర్ల క్యాన్లు లెక్కబెట్టుకుని బతుకుతాయి. పల్లెలకు ప్రభుత్వం పెట్టుకున్న కనీసం తలకు 55 లీటర్లు. అది కూడా అక్కడ అందదు. పొదుపు పాఠం చెప్పవలసింది వాళ్లకు కాదు.

ఇక మిగిలేది ఆ ఎనిమిది, పది ట్యాంకర్ల మిగులు. శుద్ధి చేసిన నీటిలో సగం దాకా బయటివాళ్లకు అమ్ముకోవడానికి అపార్ట్‌మెంట్లకు 2024లో రాష్ట్ర ప్రభుత్వం అనుమతిచ్చింది. నిర్మాణాలకు తాగునీరు వాడొద్దన్న ఆంక్ష కూడా అప్పటిదే. వైట్‌ఫీల్డ్‌లో కాంక్రీటు తడపని వీధి లేదు గనక కొనేవాళ్లకు కరువుండకూడదు. అడ్డంకులు చిన్నవే గానీ మొండివి. మంచినీళ్లు తెచ్చే ట్యాంకర్ తిరుగుదారిలో ఖాళీగానే పోతుంది, కానీ దానిలో శుద్ధి నీరు నింపడానికి లేదు. మళ్లీ ఇంకో ఇంటి సంపులో పోయవలసిన ట్యాంకర్ అది. వేరే రంగు వేసిన వేరే బండ్లు కావాలి. కాంక్రీటుకు క్లోరైడ్లు, ఉప్పులు ఎంతున్నాయో పరీక్ష చేయించి చూపాలి. మేస్త్రీకి ఆ కాగితం మీద నమ్మకం కుదరాలి. ఒక్క అపార్ట్‌మెంటు రోజుకు ఎనిమిది ట్యాంకర్ల కోసం ఇవన్నీ పెట్టుకోలేదు. ఒకే రాజకాలువ మీద ఆనుకుని ఉన్న పది అపార్ట్‌మెంట్లు కలిస్తే రోజుకు తొమ్మిది లక్షల లీటర్లకు పైగా అవుతుంది. వేరే బండ్లు, ఒక పరీక్షల ఒప్పందం, పది సెల్లార్లూ తిరిగే ఒక మంచి ఇంజనీరు జీతం దాని మీద గిట్టుతాయి. ఆ ఇంజనీరు రోజూ కొలజాడీ పట్టి చూస్తాడు గనక రాత్రిపూట బ్లోయర్ ఆపడం కుదరదు. అమ్ముడుపోని నీరు ఎటూ కాలువలోకే పోతుంది, కానీ పది మిల్లీగ్రాముల నీరుగా పోతుంది.